హక్కుల పరిశోధన – మన కర్తవ్యము

మానవ హక్కులనగానే న్యాయవాదులును, న్యాయస్థానములును మనకు స్ఫురించును. ఆ హక్కులను గూర్చి డాక్టరేటు పట్టమునకై పరిశోధన సల్పదలచిన విద్యార్థి న్యాయశాస్త్రశాఖ గడప తొక్కిన చాలునని పెక్కురు తలంతురు. ఈ తలంపు సరికాదని మా యభిప్రాయము. ఇందులకు సాక్ష్యము దూరదేశములలో వెదకనక్కరలేదు. పూర్వపు ఆదిలాబాదు, కరీంనగరము జిల్లాల చరిత్రయే చాలును.

అడవిభూముల సాగునకై గోండులు సల్పిన పోరాటమున 1940లో జోడేఘాటునందు కొమురం భీము పోలీసు కాల్పులకు బలియయ్యెను. అనంతరము కొలదికాలమునకే, వియన్నాలో డాక్టరేటు పొందిన మానవశాస్త్రజ్ఞుడు హైమెన్‌డార్ఫు ఆ జిల్లా గోండుల నడుమ నివసించి, వారి భాష నేర్చి, వారి దేవరలను, ఆచారములను గూర్చి పరిశోధించెను. నిజాము ప్రభుత్వము ఆయన సలహాను గైకొనెను. ఆచారములను వ్రాసికొనుటతో ఆయన పని ముగియలేదు. అడవిశాఖవారు గీచిన హద్దులును, పట్వారి దఫ్తరములోని పేర్లును, షావుకారు పద్దులును ప్రక్కప్రక్కన నుంచి చూచినగాని, తాతలనాటినుండి దున్నుకొనుచున్నవాడు కాగితముపై ఆక్రమణదారు డెట్లయ్యెనో బోధపడదు గదా! ఆ కృషి ఫలితముగా 1943లో మార్లవాయియందు గోండు ఉపాధ్యాయుల శిక్షణ ప్రారంభమయ్యెను. వేలాది కుటుంబములకు పట్టాలు లభించెను.

కాని కథ యంతటితో ముగియలేదు. మూడు దశాబ్దములు గడచిన పిదప ఆయన మరల వచ్చి చూడగా, ఆ భూములలో పెక్కు పరుల వశమై యుండెను. ఈ సంగతిని 1982లో వెలువడిన గ్రంథమున నాయనయే వెల్లడించెను. గిరిజనుల భూములు అన్యాక్రాంతము కారాదని శాసించు 1959 నాటి నిబంధన 1963లో తెలంగాణమునకు వర్తించినది. 1970లో మరింత కట్టుదిట్టమైనది. శాసనముండియు భూమి యేల పోయెను? అప్పులెట్లు పెరిగెను? రోడ్లు పడి ప్రత్తిపంట వచ్చినప్పుడు నేల వెల యెట్లు మారెను? కచేరి భాష రైతునకు తెలియకుండుటచే కలిగిన నష్టమెంత? ఈ ప్రశ్నలకు న్యాయశాస్త్రమొక్కటియే బదులీయజాలదు. అర్థశాస్త్రము, చరిత్ర, భాషాశాస్త్రము తోడు రావలెను. ఆ బదులు దొరకకమునుపే, 1981 ఏప్రిల్ 20వ తేదీన, భూమికై ఇంద్రవెల్లిలో గుమిగూడిన గోండులపై పోలీసు కాల్పులు జరిగెను.

కరీంనగరపు సమస్యలును ఇట్టివే. 1978లో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతములుగా ప్రకటించిరి. శాంతిభద్రతల పద్దు క్రింద వ్రాసిన ఆ ప్రకటన వెనుక వెట్టియు, కూలిరేట్లును, బంజరుభూములును ఉండెను. నేడు గల్ఫు దేశములకు పోయి చిక్కులలో పడిన కూలివాని గోడు వినుడు: ఏజెంటునకు వ్రాసిన అప్పుపత్రము, యజమాని యనుమతి లేనిదే పని మారనీయని పరదేశపు కట్టుబాటు, ఇంటివద్ద ఎండిన బావి – మూడును కలిసియే అతనిని బంధించినవి. మధ్యమానేరు జలాశయమున ఊళ్లు మునిగినవారి నష్టమును గణించుటకు ఎకరముల లెక్క మాత్రమే చాలునా?

శాస్త్రముల నడిమి గోడలు దాటుట సాధ్యమా యని శంకించువారు కె. బాలగోపాల్ జీవితమును తలచికొందురుగాక. గణితమున డాక్టరేటు పొంది, కాకతీయ విశ్వవిద్యాలయమున బోధించిన ఆయన, పౌరహక్కుల కార్యమున ప్రవేశించి, నడివయస్సున న్యాయవాదియై, 2009లో మరణించువరకు అభాగ్యుల పక్షమున వాదించెను.

1993 నాటి మానవ హక్కుల పరిరక్షణ చట్టము, పరిశోధనను ప్రోత్సహించు విధిని గూడ కమిషన్లకు అప్పగించినది. 2008లో కరీంనగరమున శాతవాహన విశ్వవిద్యాలయము స్థాపితమైనది. ఇట్టి విద్యాలయములలో ఒక్కొక్క హక్కుల పరిశోధకునకు ఇరు శాఖల ఆచార్యులు మార్గదర్శకులు కావలెనని మేము కోరుచున్నాము. ఆదిలాబాదు పోవువాడు గోండి నేర్వవలెను. నిజాము కాలపు రికార్డులు చదువుటకు ఉర్దూ నేర్వవలెను. గ్రంథము ముగిసిన పిమ్మట దాని సారమును తెలుగునను గోండినను వ్రాసి, ఎవరి బ్రదుకును పరిశోధించెనో వారి యెదుట చదివి వినిపింపవలెను. పట్టము వానికి దక్కి, వారికేమియు దక్కకున్నచో ఆ విద్య యేల?

మా పాఠకులలో భూవసతి గలవారు పెక్కురు. వారికొక మనవి. మీ యింటి పాత పెట్టెలలో కౌలునామాలు, సేత్వారు నకళ్లు, అప్పుపత్రములు, పహాణీలు పడియుండవచ్చును. పరిశోధకుడు వాకిటికి వచ్చినపుడు వానిని దాచకుడు. అందు కొన్ని మన పెద్దల పేరునకు మచ్చ తేవచ్చును. ఆ మచ్చ మనము దాచినంత మాత్రమున మాయదు. నేల కోల్పోయినవాని యింట ఆ జ్ఞాపకము తరతరములుగా నిలిచియే యున్నది. ఆ కాగితములను చెదలకు వదలుటకంటె న్యాయమునకు సాక్ష్యముగా నిచ్చుటయే పెద్దరికము.