జేబులో ఉన్నది గుడ్డ ముక్కే!

నోటు మీది బొమ్మను అందరూ చూస్తారు. ఆ బొమ్మను మోసే కాగితాన్ని పట్టించుకునేది బ్యాంకు క్యాషియర్లు, దొంగనోట్లవాళ్లు మాత్రమే. పెళపెళలాడే ఆ కాగితం వెనక పత్తి ఉంది, యుద్ధం ఉంది, ఓ మునిగిపోయిన ఓడ కూడా ఉంది.

1922 మే 20. లండన్ నుంచి బొంబాయికి బయల్దేరిన 'ఈజిప్ట్' అనే ప్రయాణికుల ఓడను ఫ్రాన్స్ తీరానికి దగ్గర్లో, దట్టమైన పొగమంచులో, ఒక ఫ్రెంచి సరుకుల ఓడ వచ్చి గుద్దింది. ఇరవై నిమిషాలైనా గడవకుండానే ఓడ మునిగిపోయింది. ఎనభై మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఓడ అడుగున ఉన్న గదిలో పది లక్షల పౌండ్లకు పైగా విలువ చేసే బంగారం, వెండి ఉన్నాయి. వాటితోపాటే ఇంగ్లండు నుంచి హైదరాబాద్ నిజాం ప్రభుత్వానికి వస్తున్న కరెన్సీ నోట్ల కట్టలూ ఉన్నాయి.

సుమారు నాలుగు వందల అడుగుల లోతు. అంత కిందికి దిగి పని చేయడం అప్పటికి ఎవరి వల్లా కాలేదు. ఇటలీకి చెందిన ఒక సంస్థ ఆ సాహసానికి పూనుకుంది. 1930లో ఓడ జాడ పట్టుకుంది. అదే ఏడాది చివర మరో ఓడ శిథిలాన్ని పేల్చేస్తుండగా ప్రమాదం జరిగి, వాళ్ల సొంత నౌక 'ఆర్తీల్యో' సిబ్బందిలో చాలామందితో సహా పోయింది. అయినా వదలకుండా ఇంకో నౌక తెచ్చి, 1932 జూన్‌లో బంగారం పైకి తీశారు. బంగారం ఎన్నేళ్లయినా చెడిపోదు కాబట్టి అందులో వింత లేదు. వింతంతా నోట్లది. పదేళ్లు ఉప్పునీళ్లలో నానిన నిజాం నోట్లు కూడా పైకి వచ్చాయి. అంచులు చిరిగాయి, రంగులు వెలిశాయి, కానీ నోటు నోటుగానే ఉంది. నాణేలూ నోట్లూ సేకరించేవాళ్లు ఇప్పటికీ వాటిని వేలంలో కొనుక్కుంటున్నారు.

చొక్కా జేబులో మరిచిపోయిన సినిమా టికెట్టు ఒక్క ఉతుకుకే ముద్దయిపోతుంది. మరి ఈ కాగితం అట్లాంటిక్ అడుగున పదేళ్లు ఎలా బతికింది?

పత్తి అమ్మి పత్తి తెచ్చుకుని

జవాబు చిన్నది. నోటు కాగితం చెట్టు నుంచి రాదు, బట్ట నుంచి వస్తుంది. పత్రిక, పుస్తకం, టికెట్టు అచ్చయ్యే కాగితం కలపగుజ్జుతోనో వెదురుతోనో తయారవుతుంది. వాటి పీచు పొట్టిది. పైగా కలపలో లిగ్నిన్ అనే పదార్థం ఉంటుంది, పాత వార్తాపత్రికలు పసుపెక్కి పొడిపొడిగా రాలిపోవడానికి కారణం అదే. పత్తి పీచు పొడవైనది, దాదాపు మొత్తం సెల్యులోజే. దంచితే ఒక పీచు మరో పీచును గట్టిగా పెనవేసుకుంటుంది. మన నోట్లు నూటికి నూరు పాళ్లు పత్తి కాగితం మీద అచ్చవుతాయని రిజర్వు బ్యాంకే చెబుతోంది. అమెరికా డాలరులో 75 పాళ్లు పత్తి, 25 పాళ్లు అవిసె నార. ముందుకూ వెనక్కూ కలిపి నాలుగు వేల సార్లు మడిస్తే గానీ డాలరు నోటు చిరగదని దాన్ని అచ్చువేసే వాళ్ల లెక్క.

వరంగల్ ఎనుమాముల మార్కెట్లో పొద్దుటి నుంచి ధర కోసం తగువులాడి రైతు సాయంత్రానికి జేబులో వేసుకునేదీ పత్తే. కాకపోతే ఆయన అమ్మిన మేలురకం దూది కాదు, మిల్లు పక్కన పెట్టేసిన తుక్కు. నూలు మిల్లులో దూదిని దువ్వినప్పుడు పొడుగు పీచు నూలుకు పోతుంది, పొట్టి పీచు విడిపోతుంది. మిల్లు భాషలో దాన్ని 'కోంబర్ నాయిల్' అంటారు. వడకడానికి పనికిరానిది కాగితానికి పసందుగా ఉంటుంది. జిన్నింగు మిల్లులో దూది తీశాక గింజను అంటిపెట్టుకుని ఉండే నూగు కూడా ఈ పనికి వస్తుంది.

ఒకప్పుడు ఇవీ కాదు, అచ్చంగా గుడ్డ పేలికలే. ఇళ్లలో పారేసిన పాత బట్టలు ఏరుకుని మిల్లులకు అమ్మి బతికిన జనం యూరప్ నిండా ఉండేవాళ్లు. అమెరికాలో డాలరు కాగితాన్ని 1879 నుంచీ సరఫరా చేస్తున్న క్రేన్ మిల్లు మొన్నమొన్నటి దాకా జీన్స్ ఫ్యాక్టరీల కత్తిరింపులు వాడేది. ఆ తర్వాత ఒంటికి అతుక్కుపోయే సాగుడు జీన్స్ ఫ్యాషనయింది. అందులో కలిసే స్పాండెక్స్ దారం కొంచెం పడినా కాగితం చెడిపోతుంది. ప్యాంట్ల మోజు దెబ్బకు ఆ మిల్లు ముడిసరుకు మార్చుకోక తప్పలేదు.

నీళ్లలో గీసిన బొమ్మ

పత్తి తుక్కును ముందు దులిపి, విప్పి, మట్టీ గింజముక్కలూ ఏరేస్తారు. పెద్ద బాయిలర్లలో కాస్టిక్ సోడాతో ఆవిరి ఒత్తిడి మీద ఉడకబెడితే పత్తిలోని నూనె, మైనం వదులుతాయి. తర్వాత తెలుపు చేసి కడుగుతారు. ఆపైన దంచడం. ఓపిక కావలసింది ఇక్కడే. పీచు తెగీ తెగకుండా, చివరలు నలిగి నూగులా విచ్చుకునేలా గంటల తరబడి దంచాలి. తక్కువ దంచితే కాగితం గుల్లగా వస్తుంది. ఎక్కువ దంచితే పెళుసెక్కుతుంది.

దంచిన గుజ్జును పలచని నీళ్ల మజ్జిగకన్నా పలచగా కలిపి తొట్టిలో పోస్తారు. అందులో సన్నటి తీగ జల్లెడ చుట్టిన డ్రమ్ము తిరుగుతూ ఉంటుంది. నీళ్లు జల్లెడలోంచి లోపలికి జారిపోతాయి, పీచు జల్లెడ మీద పొరలా పేరుకుంటుంది. నోటు విద్య అంతా ఆ జల్లెడలో ఉంది. గాంధీగారి ముఖం ముందే జల్లెడలో ఎత్తుపల్లాలుగా నొక్కి ఉంటుంది. పల్లంలో పీచు ఎక్కువగా చేరుతుంది కాబట్టి ఆ చోటు వెలుతురులో నల్లగా కనిపిస్తుంది. మెరక మీద పలచబడి తెల్లగా మెరుస్తుంది. చెంప మీద నీడ, కళ్లద్దాల అంచు, బోడితల మీద వెలుగు, అన్నీ పీచు మందం తేడాలే. పక్కనే ఇంకా తళుక్కున కనిపించే 500 అంకె కోసం లోహపు అచ్చును జల్లెడకే అతికిస్తారు. అక్కడ పీచు దాదాపు నిలవదు.

వాటర్‌మార్కు కొత్త విద్యేమీ కాదు. ఇటలీలోని ఫాబ్రియానో కాగితం పనివాళ్లు 13వ శతాబ్దం చివర్లోనే తీగను వంచి జల్లెడకు కట్టి తమ గుర్తులు వేసుకున్నారు. వెలుగునీడల ముఖం మాత్రం 19వ శతాబ్దం మధ్యలో ఇంగ్లండులో విలియం హెన్రీ స్మిత్ చేతిలో సాధ్యమైంది. మైనపు పలకను దీపానికి అడ్డంపెట్టి, ఎక్కడ ఎంత వెలుతురు దాటాలో చూసుకుంటూ చెక్కి, ఆ పలక నుంచి జల్లెడను నొక్కే అచ్చు తీయడం ఆ పద్ధతి. శిల్పి చేతి పనితనం లేకపోతే ముఖం ముఖంలా రాదు.

పొర ఇంకా తడిగా ఉండగానే మధ్యలోకి దారం నడుస్తుంది. దారం కొన్నిచోట్ల కాగితం పైకి తేలి, కొన్నిచోట్ల లోపలికి దూరుతుంది. నోటును అటూఇటూ వంచితే ఆకుపచ్చ నుంచి నీలానికి మారేది అదే. ఆ తర్వాత కంబళి మీదికి ఎత్తి, పిండి, ఆరబెట్టి, జెలటిన్ లాంటి జిగురు ద్రావణంలో ముంచి మళ్లీ ఆరబెడతారు. కొత్త నోటు పెళపెళ ఈ జిగురు పుణ్యమే. తడిసినా విచ్చుకోకుండా గుజ్జులోనే రెసిన్ కలిపి ఉంటుంది.

ఇంకో కిటుకుంది. మామూలు తెల్లకాగితంలో మెరుపు కోసం రసాయనాలు కలుపుతారు, అతినీలలోహిత దీపం కింద అది నీలంగా వెలుగుతుంది. నోటు కాగితంలో అవి కలపరు కాబట్టి దీపం కింద అది మసకగా ఉండి, అందులోని సన్నటి పీచులు, దారం మాత్రమే మెరుస్తాయి. అయితే మెరుపు పౌడరుతో చొక్కాతోపాటు ఉతికేసిన నోటు నిజమైనదైనా వెలుగుతుంది. దుకాణదారు అనుమానంగా చూస్తే మీ వాషింగ్ మెషీన్‌ను తిట్టుకోండి.

హిట్లర్ మనుషులకు దొరకని పేలికలు

బొమ్మను ఎవరైనా అనుకరించవచ్చు, కాగితాన్ని అనుకరించడమే కష్టం అనడానికి రెండో ప్రపంచయుద్ధం కన్నా మంచి సాక్ష్యం లేదు. బ్రిటన్‌ను ఆర్థికంగా కుప్పకూల్చడానికి నాజీలు బెర్లిన్ దగ్గరి జాక్సెన్‌హౌజెన్ నిర్బంధ శిబిరంలో సుమారు 140 మంది యూదు ఖైదీలతో దొంగ పౌండ్లు తయారు చేయించారు. చావు భయంతో పని చేసిన ఆ చెక్కుడుపనివాళ్లు, ముద్రాపకులు బొమ్మను అచ్చుగుద్దినట్టు దింపారు. కాగితమే మొరాయించింది. కొత్త నారతో చేసిన కాగితం అతినీలలోహిత కాంతిలో తేడాగా కనిపించింది. బ్రిటిష్ మిల్లు వాడేది వాడి, ఉతికి, అరిగిన గుడ్డలని తేలాక జర్మన్లు కూడా గుడ్డలను ఫ్యాక్టరీల్లో వాడించి, మురికి చేసి, ఉతికించి, అప్పుడు గుజ్జు చేశారు. ఆ నోట్లు ఎంత బాగా కుదిరాయంటే, 1943లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ పది పౌండ్లూ అంతకు మించిన నోట్లన్నిటి ముద్రణనూ ఆపేసింది. అంతకుముందే, 1940లో, ఒక పౌండు నోటులో లోహపు దారం పెట్టారు. ఇవాళ మన నోట్లలో ఉన్న దారానికి పెద్దన్న అది.

జర్మన్లను ఏడిపించిన ఆ కాగితం ఇంగ్లండులోని హాంప్‌షైర్ జిల్లా లావర్‌స్టోక్ మిల్లు వారసత్వం. మతహింస భయంతో ఫ్రాన్స్ నుంచి పారిపోయి వచ్చిన ప్రొటెస్టెంట్ కుటుంబానికి చెందిన హెన్రీ పోర్టల్ 1724లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ నోట్లకు కాగితం చేసే పని సంపాదించాడు. మన ప్రభుత్వ నోట్ల పుట్టిల్లు కూడా అదే. 1861 కరెన్సీ చట్టం తర్వాత వచ్చిన విక్టోరియా రాణి బొమ్మ నోట్లు ఒకవైపే అచ్చయినవి, లావర్‌స్టోక్‌లో చేత్తో ఎత్తిన కాగితం మీద. దొంగనోట్లు రావడంతో కొన్నేళ్లకే ఆ వరుసను మార్చేశారు. ఇప్పుడు ఆ మిల్లు భవనాల్లో కాగితం లేదు, 'బాంబే సఫైర్' అనే జిన్ను కాస్తున్నారు. మన డబ్బుకు కాగితం పోసిన చోట మన ఊరి పేరుతో సారా!

ఖద్దరు గాంధీ, సీమ కాగితం

నిజాం నోట్ల సంగతికి వస్తే, అవి మొదటి ప్రపంచయుద్ధంలో వెండి కరువొచ్చి పుట్టాయి. 1918లో చట్టం చేసి, ఉస్మానియా సిక్కా పేరుతో ముందు పది, వంద రూపాయల నోట్లు తెచ్చారు. ఉర్దూతోపాటు తెలుగు, మరాఠీ, కన్నడం, ఇంగ్లిషు వాటి మీద ఉండేవి. తర్వాత వాటి ముద్రణ నాసిక్‌కు మారింది. నాసిక్ ప్రెస్సులో 1928 నుంచి బ్రిటిషిండియా నోట్లు అచ్చవుతూ వచ్చాయి. అంటే అచ్చు ఇక్కడికి వచ్చింది. కాగితం మాత్రం సముద్రం దాటి వస్తూనే ఉండేది.

స్వాతంత్ర్యం వచ్చిన ఇరవై ఏళ్లకు, 1960ల చివర్లో, మధ్యప్రదేశ్‌లో నర్మద ఒడ్డున హోషంగాబాద్‌లో సెక్యూరిటీ పేపర్ మిల్లు పెట్టారు. నోట్ల గిరాకీకి అది చాలలేదు, దిగుమతి ఆగలేదు. 1996లో గాంధీ బొమ్మ నోట్లు వచ్చాక కూడా చాలా ఏళ్లు ఆ కాగితంలో పెద్ద భాగం ఐరోపా మిల్లుల నుంచే వచ్చింది. రాట్నం తిప్పి విదేశీ బట్టను తగలబెట్టమన్న మనిషి ముఖాన్ని విదేశీ పత్తి గుజ్జులో పోయించి తెచ్చుకోవడం నాకైతే సిగ్గుచేటుగానే అనిపిస్తుంది. పత్తి లేని దేశమా ఇది!

సిగ్గు సంగతి అలా ఉంచినా, ప్రమాదం మరోటి. తన నోటు కాగితాన్ని వేరే దేశంలో కొనే ప్రభుత్వం, నాణ్యత విషయంలో అమ్మేవాడి మాట నమ్మాలి. 2010లో బ్రిటన్ కంపెనీ డి లా రూ తమ కాగితంలో కొంత నిర్ణీత ప్రమాణాలకు తగ్గట్టు లేదనీ, కొందరు ఉద్యోగులు పరీక్షల ధ్రువపత్రాలను తారుమారు చేశారనీ ఒప్పుకుంది. దాని సీఈఓ రాజీనామా చేశాడు. అదే ఏడాది మన దేశంలో, కేంద్ర ముద్రణాసంస్థ, రిజర్వు బ్యాంకు ముద్రణ విభాగం కలిసి మైసూరులో బ్యాంక్ నోట్ పేపర్ మిల్లును ఏర్పాటు చేశాయి. ఏటా 12,000 టన్నుల సామర్థ్యంతో కట్టిన ఆ మిల్లు 2015 నుంచి కాగితం ఇస్తోంది. నా దృష్టిలో నోట్ల చరిత్రలో పెద్ద మలుపు కొత్త రంగులూ కొత్త సైజులూ కావు, ఈ మిల్లే.

అన్నట్టు, పత్తి పని ఇక అయిపోయిందని ప్లాస్టిక్ పక్షం వాదన. 1988లో ఆస్ట్రేలియా తొలి పాలిమర్ నోటు తెచ్చింది. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ కాగితం నోట్ల చెలామణీ 2022 సెప్టెంబరు 30తో పూర్తిగా ముగిసింది. మన దగ్గరా పది రూపాయల ప్లాస్టిక్ నోటును కొచ్చి, మైసూరు, జైపూర్, సిమ్లా, భువనేశ్వర్‌లలో ప్రయోగాత్మకంగా వదలాలని అనుకున్నారు గానీ అది జనం చేతికి రాలేదు. మన ఎండకూ, చెమట చేతులకూ, చీరకొంగు ముడులకూ ఏది తట్టుకుంటుందో తేల్చాల్సింది ప్రయోగమే. అప్పటిదాకా పత్తే దిక్కు.

ఆ పత్తి నోటును కూడా మనం సరిగ్గా బతకనివ్వం. కట్టలకు స్టేప్లర్ కొట్టొద్దని 2001లోనే బ్యాంకులకు రిజర్వు బ్యాంకు ఆదేశాలిచ్చింది. నోటు మీద రాయొద్దనీ, దండలు గుచ్చొద్దనీ ప్రజలను కోరుతూనే ఉంది. నలిగి చినిగిన నోట్లు చివరికి యంత్రంలో ముక్కలై, ఇటుకల్లా గట్టిపడి బయటికొస్తాయి. అలా ఏటా సుమారు 15,000 టన్నులు పోగవుతున్నాయి, పార్టికల్ బోర్డుల తయారీలో వాటిని వాడాలని ఇప్పుడు చూస్తున్నారు. దసరాకు కన్యకాపరమేశ్వరి అమ్మవారికి నోట్ల అలంకారం చేసేవాళ్లకూ, పెళ్లికొడుకు మెడలో నోట్ల దండ వేసేవాళ్లకూ ఒక్క మనవి: గుండుసూది గుచ్చకండి, పిన్ను కొట్టకండి, వాటర్‌మార్కు ఉన్న తెల్లటి చోట పెన్నుతో లెక్కలు వేయకండి. దండే కావాలంటే పూలమార్కెట్టుకు వెళ్లండి.