పేరు పోయాక...

2014 ఆగస్టు 14. బ్రిటన్‌లోని బర్క్‌షైర్‌లో ఓ అపార్ట్‌మెంట్‌ మీద హెలికాప్టర్‌ చక్కర్లు కొడుతోంది. లోపల పోలీసులు సోదా చేస్తున్నారు. పైనుంచి బీబీసీ కెమెరా కిటికీల్లోకి తొంగిచూస్తోంది. ఆ ఇల్లు ప్రముఖ గాయకుడు సర్‌ క్లిఫ్‌ రిచర్డ్‌ది. (1940లో మన లక్నోలోనే పుట్టారాయన!) అప్పుడు పోర్చుగల్‌లో ఉన్న ఆయన, తన ఇంటి సోదాను అందరిలాగే టీవీలో చూడాల్సి వచ్చింది.

ఎప్పుడో 1980ల్లో జరిగిందంటూ ఒకరు చేసిన లైంగిక ఆరోపణ మీద ఆ సోదా. అరెస్టు లేదు, అభియోగమూ లేదు. దాదాపు రెండేళ్లకు, 2016 జూన్‌లో, కేసు పెట్టడానికి తగిన ఆధారాల్లేవని ప్రాసిక్యూటర్లు తేల్చేశారు. అప్పటికే ఆయన పేరు ఎన్ని నోళ్లలో నానిందో!

క్లిఫ్‌ కోర్టుకెక్కారు. పోలీసులు 4 లక్షల పౌండ్లకు రాజీపడ్డారు. బీబీసీ మాత్రం ప్రజలకు తెలియాల్సిన వార్తే చెప్పామంది. 2018 జులైలో జస్టిస్‌ మాన్‌ ఆ వాదనను ఒప్పుకోలేదు. నేరం రుజువయ్యేదాకా నిర్దోషేనన్నది సూత్రం. కానీ జనమంతా అలాగే ఆలోచిస్తారా? నిప్పులేనిదే పొగరాదంటారు కదా! పరిహారం 2.1 లక్షల పౌండ్లు. అందులో 20 వేలు ఎందుకో తెలుసా? ఆ కథనాన్ని బీబీసీ ఓ అవార్డుకి పంపినందుకు!

2022 ఫిబ్రవరిలో, బ్లూమ్‌బర్గ్‌ కేసులో బ్రిటన్‌ సుప్రీంకోర్టు కూడా ఇదే బాట పట్టింది. అభియోగం నమోదయ్యేదాకా దర్యాప్తు సంగతి గోప్యంగా ఉండాలని ఆశించే హక్కు సాధారణంగా ఎవరికైనా ఉంటుందంది.

పాత్రికేయుల్లో చాలామందికి ఇది మింగుడుపడలేదు. పేరు బయటికొస్తేనే మిగతా బాధితులు ధైర్యంగా ముందుకొస్తారన్నది వాళ్ల మాట. కొట్టిపారేయదగ్గదేం కాదు. డబ్బూ పలుకుబడీ ఉన్నవాళ్లకి ఈ తీర్పులే డాలు అవుతాయన్న భయమూ ఉంది.

మరి మన దగ్గరో? పిల్లల విషయంలో చట్టం గట్టిదే. 2015 జువెనైల్‌ జస్టిస్‌ చట్టం 74వ సెక్షన్‌ ప్రకారం పేరు, ఫొటో, బడి, చిరునామా... గుర్తుపట్టే వివరమేదీ రాయకూడదు. రాస్తే 6 నెలల వరకూ జైలు, లేదా 2 లక్షల రూపాయల వరకూ జరిమానా, లేదా రెండూ. పెద్దవాళ్లకి మాత్రం అలాంటి ప్రత్యేక చట్టమేదీ లేదు. మీడియాకి పోలీసులు ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో నియమావళి తయారుచేయమని 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది. మన ప్రెస్‌మీట్ల సంగతి తెలిసిందేగా... వరుసగా నిలబెట్టిన నిందితుల మొహాలకి ముసుగులుంటాయి. పక్కనే కూర్చున్న అధికారి వాళ్ల పేరు, తండ్రిపేరు, ఊరు తీరిగ్గా చదివి వినిపిస్తుంటారు!