సల్వా సరిహద్దులో నా వేలిముద్ర

అద్దం వెనక కూర్చున్న అమ్మాయి నాలుగు వేళ్ళు చూపించి, యంత్రం మీద పెట్టమని సైగ చేసింది. పెట్టాను. పడలేదు. చీర కొంగుకి బదులు దుపట్టాకి తుడుచుకుని మళ్ళీ పెట్టాను. మళ్ళీ పడలేదు. నా వెనక లైనులో పాతికమంది ఆడవాళ్ళు. బయట మా బస్సు ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. రాత్రి ఎనిమిదిన్నర. నేనున్నది సౌదీ వైపున్న సల్వా చెక్‌పోస్టులో. మా ఆయన దాదాపు వంద కిలోమీటర్ల వెనక, దోహాలో, అల్ తుమామాలోని మా ఫ్లాట్‌లో పిల్లాడికి అన్నం పెడుతూ ఉండి ఉంటారు.

పెళ్ళయి 2016లో ఖతార్ వచ్చాను. ఇన్నేళ్ళలో నా పాస్‌పోర్టు నేను పట్టుకున్న సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. విమానాశ్రయంలో కూడా అందరి పాస్‌పోర్టులూ ఆయన చేతిలోనే. నేను పిల్లాణ్ణీ బ్యాగునూ చూసుకోవడం, పిలిచినప్పుడు ముఖం చూపించడం, అంతే. మీలో చాలామంది ఇళ్ళలోనూ ఇంతేనని నాకు తెలుసు.

ఉమ్రాకి బస్సులో వెళ్ళాలన్నది మా ఇద్దరి కోరిక. ఆయనకి సెలవు దొరకలేదు. పిల్లాడి పరీక్షలు దగ్గరపడ్డాయి. "నువ్వు వెళ్ళిరా, ఆపా ఉన్నారుగా" అన్నారు ఆయన. ఆపా అంటే మా పక్క బిల్డింగులో కొడుకు దగ్గర ఉండే వరంగల్ ఆవిడ. అరవై దాటాయి. ఆవిడకి ఇది మూడో ప్రయాణం.

మా అమ్మీ గుంటూరు నుంచి ఫోన్లో, "మగతోడు లేకుండా ఎట్లా పోతావే?" అంది. అమ్మీ కాలంలో అది నిజమే. కానీ మహ్రమ్ లేకుండానే ఆడవాళ్ళు హజ్‌కీ ఉమ్రాకీ రావచ్చని సౌదీ హజ్, ఉమ్రా మంత్రి 2022 అక్టోబరులో చెప్పారు. మన దేశంలో కూడా 2018 నుంచి 45 ఏళ్ళు దాటిన స్త్రీలు నలుగురు కలిసి మహ్రమ్ లేకుండా హజ్‌కి దరఖాస్తు చేసుకునే వీలు వచ్చింది. ఇదంతా చెప్తే అమ్మీ కాసేపు ఊరుకుని, "సరే, శాలువా పెట్టుకో, బస్సులో ఏసీ ఎక్కువుంటది" అంది.

వీసా దగ్గర కూడా ఇలాంటి మార్పే వచ్చింది. ఇంతకుముందు గల్ఫ్ దేశాల్లో ఉండే విదేశీయులకి సౌదీ టూరిస్టు ఈ-వీసా కావాలంటే వాళ్ళ వృత్తి ఒక జాబితాలో ఉండాలి. 2023 మార్చిలో ఆ షరతు తీసేశారు. రెసిడెన్సీ కనీసం మూడు నెలలు, పాస్‌పోర్టు ఆరు నెలలు చెల్లుబాటులో ఉంటే చాలు. ఆ వీసా మీద హజ్ రోజులు తప్పించి ఉమ్రా కూడా చేయవచ్చు. దరఖాస్తులో వృత్తి అన్న చోట 'గృహిణి' అని నింపుతుంటే నాకు నవ్వొచ్చింది. బీఎస్సీ చదివి ఏ ఫారం నింపినా ఆ ఒక్క మాట దగ్గర చెయ్యి ఆగుతుంది. ఈసారి ఆగలేదు. ఆ మాటతోనే వీసా వచ్చింది.

బుధవారం సాయంత్రం బయల్దేరాం. స్టేడియం దాటుతుంటే ఆపా కిటికీలోంచి చూసి, "టోపీ లెక్కనే ఉంది గదా" అన్నారు. నిజంగా టోపీయే. ఇక్కడి మగవాళ్ళు తలగుడ్డ కింద పెట్టుకునే గహ్‌ఫియా ఆకారంలో కట్టారు దాన్ని. ఊరు దాటి సల్వా రోడ్డు ఎక్కాక రెండు వైపులా ఇసుకే.

ఖతార్‌కి ఉన్న భూసరిహద్దు ఇదొక్కటే. ఇటువైపు అబూ సమ్రా, అటువైపు సల్వా. 2017 జూన్ 5న ఇది మూతపడిన రోజులు నాకు బాగా గుర్తు. అప్పటికి పిల్లాడు ఇంకా పుట్టలేదు. దుకాణంలో పాల అరలు ఖాళీ. ఈ దారినే లారీల్లో సరుకులు వచ్చేవన్న సంగతి అప్పటిదాకా నేను పట్టించుకోలేదు. కొన్నాళ్ళకి టర్కీ పాల ప్యాకెట్లు వచ్చాయి. తర్వాత ఇక్కడే పెద్ద డెయిరీ లేచింది. మూడున్నరేళ్ళ తర్వాత, 2021 జనవరిలో గేట్లు తెరిచారు. అన్నేళ్ళూ ఈ బస్సులు లేవు. ఆపా మొదటి ఉమ్రా మూతపడక ముందు, రెండోది తెరిచాక.

అబూ సమ్రాలో దిగి, లైనులో నిలబడి, ఖతార్ నుంచి బయటికి వెళ్ళినట్టు నమోదు చేయించుకుని మళ్ళీ బస్సెక్కాం. కాస్త దూరం పోయాక సల్వాలో మళ్ళీ దిగాం. విమానంలో అయితే సరిహద్దు ఎక్కడ దాటామో తెలియదు. ఇక్కడ కాళ్ళతో దాటతాం. సామాన్లన్నీ దించి తనిఖీ యంత్రంలో పెట్టాలి. ఆడవాళ్ళ లైను వేరు. మొదటిసారి వెళ్ళేవాళ్ళకి ఫొటో, పది వేళ్ళ ముద్రలూ తీసుకుంటారు. నేను ఆగిపోయింది అక్కడే.

వెనక నుంచి ఆపా గొంతు. "గాబరా పడకు బిడ్డా. వేళ్ళు తలకు రుద్దుకో. మా దిక్కు రేషన్ దుకాణంల ముసలమ్మలు గట్లనే చేస్తరు."

రుద్దుకున్నాను. అద్దం వెనక అమ్మాయి నవ్వి, ఒక తడి టిష్యూ కూడా ఇచ్చింది. అయిదోసారికి పడింది.

బస్సెక్కాక ఆలోచిస్తే డిగ్రీలో చదివిన పట్టకం గుర్తొచ్చింది. ఇలాంటి యంత్రాలు చాలావరకు సంపూర్ణాంతర పరావర్తనం మీదే పనిచేస్తాయి. వేలి గీతల్లో ఎత్తుగా ఉన్నవి గాజుని అంటుకున్న చోట కాంతి తిరిగి రాదు, గీత నల్లగా కనిపిస్తుంది. పల్లం ఉన్న చోట కాంతి తిరిగొస్తుంది. వేలు పొడిబారితే గాజుకి సరిగా అంటదు, గీతలు తెగిపోతాయి. అంట్ల సబ్బు చర్మం మీది నూనెని కడిగేస్తుంది, రోజూ తోమడంతో గీతలూ అరుగుతాయి. తలలోని కాస్త జిడ్డు ఆ ఖాళీని పూడ్చింది. ఫిజిక్సు నేను చదివాను, పరిష్కారం ఆపాకి తెలుసు. 'గృహిణి' అని ఫారంలో రాసింది నా వేళ్ళ మీద ముందే రాసి ఉందన్నమాట.

"పని జేసిన చేతులు బిడ్డా, సిగ్గెందుకు?" అని ఆపా పులిహోర డబ్బా తెరిచారు.

రాత్రంతా ప్రయాణం. హొఫూఫ్ దాటాక బస్సులో దీపాలు ఆర్పేశారు. గడియారం మార్చుకునే పని లేదు, రెండు దేశాలకీ ఒకటే సమయం. రియాద్ చేరేసరికి మూడు దాటింది. నాకు సరిగా నిద్ర పట్టలేదు. భయం కాదు. నా పాస్‌పోర్టు నా దగ్గరే ఉంది, మాటిమాటికీ బ్యాగులో చెయ్యి పెట్టి చూసుకుంటున్నాను. పెట్రోలు బంకుల దగ్గర ఆగినప్పుడల్లా ఆడవాళ్ళం నలుగురైదుగురం కలిసే దిగేవాళ్ళం.

మధ్యాహ్నానికి తాయిఫ్ దగ్గరి అస్-సైల్ అల్-కబీర్ చేరాం. ఈ దారిన వచ్చేవాళ్ళు ఉమ్రా సంకల్పం చెప్పుకోవలసిన మీఖాత్ ఇదే. మగవాళ్ళు కుట్టని రెండు తెల్ల వస్త్రాలు కట్టుకుంటారు, మనకి మామూలు బట్టలే. అక్కడి నుంచి మక్కా సుమారు 80 కిలోమీటర్లు. దోహా నుంచి మొత్తం 1,400 పైచిలుకు.

కాబా చుట్టూ ఏడు ప్రదక్షిణలయ్యాక సఫా, మర్వాల మధ్య ఏడుసార్లు నడవాలి. మూడు కిలోమీటర్ల పైనే. ఎడారిలో పసిబిడ్డకి నీళ్ళ కోసం హాజిరా అమ్మ ఒంటరిగా పరిగెత్తిన దారి అది. లక్షలమంది మగవాళ్ళూ ఆ తల్లి అడుగుల్లోనే నడుస్తారు. ముందు రాత్రి దాటి వచ్చిన ఇసుక గుర్తొచ్చి నాకక్కడ కళ్ళు నిండాయి.

ఈ దారి యాత్రికులకే కాదు. అల్ అహ్సా ఖర్జూర వనాలకీ, కింగ్ ఫహద్ వంతెన మీదుగా బహ్రెయిన్‌కీ ఇటే వెళ్ళాలి. మనామాలోని శ్రీనాథ్‌జీ గుడికి వెళ్ళాలనుకునే నా స్నేహితురాళ్ళకి నేను చెప్పే నాలుగు మాటలు మీకూ చెప్తాను.

వారం ముందు నుంచి అంట్లకి గ్లౌజులు వేసుకోండి, పడుకునే ముందు చేతులకి కొబ్బరినూనె రాసుకోండి. లైనులో మాత్రం తుడుచుకునే నిలబడండి, మరీ తడిగా ఉన్నా ముద్ర చెదురుతుంది. వేళ్ళ కొసలకి గోరింటాకు వద్దు. వీసా కాగితం, ఖతార్ ఐడీ కాపీ, మీ ఆయన ఫోన్ నంబరు కాగితం మీద రాసి ఉంచుకోండి, ఫోన్ చార్జింగుని నమ్ముకోవద్దు. ఉమ్రాకయితే నెలసరి తేదీ చూసుకుని బయల్దేరండి, ఆ రోజుల్లో తవాఫ్ చేయలేం. నిబంధనలు మారుతుంటాయి, టికెట్టు కొనేముందు ఓసారి సరిచూసుకోండి.

శనివారం రాత్రి ఇల్లు చేరాను. మా ఆయన అలవాటుగా చెయ్యి చాపారు, పాస్‌పోర్టు బీరువాలో పెట్టడానికి. "నేను పెట్టుకుంటాలెండి" అన్నాను. ఇప్పుడది నా అలమరలో, డిగ్రీ సర్టిఫికెట్టు పక్కన ఉంది. గడువు ఎప్పుడు తీరుతుందో ఎవరైనా అడిగితే చూడకుండా చెప్పగలను. మీది ఎప్పుడు తీరుతుందో మీకు తెలుసా?