మా ఇంట్లో తరతరాల ‘సరే’

మొన్నామధ్య రాత్రి పదకొండింటికి ఆఫీసు నుంచి మెసేజ్. పొద్దున్నకల్లా పని అయిపోవాలట. నాకేమో జ్వరం. అయినా వేళ్లు వాటంతట అవే ‘సరే సార్’ అని టైప్ చేసేశాయి. పక్కనే ఉన్న అమ్మ అంది: “అచ్చం మీ బాపు లెక్కనే ఉన్నవ్ రా!”

ఆ మాటతోనే మా ఇంటి ‘సరే’ ఎక్కడ మొదలైందో వెతికాను.

తాతది జనగామ దగ్గరి పల్లె. ఆయన నాయన దొర దగ్గర భగేలా. అంటే అప్పు కింద పని. మనిషి పోయినా అప్పు పోదు, కొడుకు మీదికొస్తది. 1936లో నిజాం సర్కారు దాని మీద రూల్ పెట్టినా ఊళ్లల్లో నడుస్తనే ఉండె. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకు బలైనప్పుడు తాతకు పదేళ్లు. సాయుధ పోరాటం వచ్చింది, గడీలు కూలాయి. కానీ ‘ఎదురు చెప్తే బతకం’ అనే భయం మాత్రం తాతలో నుంచి పోలేదు.

బాపు భూపాలపల్లి వచ్చి బొగ్గు గనిలో చేరాడు. నెల జీతం, క్వార్టర్, మా చదువులు అన్నీ ఆ గని పెట్టినవే. ఇక్కడ దొర లేడు. అయినా తోటోళ్లు ఎవరు ‘నా నైట్ షిఫ్ట్ నువ్ చెయ్’ అన్నా, పండగైనా సరే, బాపు నోట వచ్చేది ‘సరే’నే.

ఈమధ్య బాపుకు గుండె ఆపరేషన్ అయింది. సింగరేణిలో వారసత్వ ఉద్యోగాల పథకాన్ని 2017లో హైకోర్టు కొట్టేసినా, మెడికల్ బోర్డు అన్‌ఫిట్ అంటే కారుణ్య నియామకం కింద వారసుడికి ఉద్యోగం వస్తుంది. ఇంట్లో అందరూ తమ్ముడి పేరే అన్నారు. వాడు మహబూబాబాద్‌లో మామయ్యతో కలిసి మొబైల్ రిపేర్ షాపు నడుపుతున్నాడు. ఫోన్ చేస్తే “సరే బాపు” అన్నాడు.

ఆ ‘సరే’ నాకు బాగా తెలిసిన ‘సరే’. శనివారం రైలెక్కి మానుకోట పోయాను. “నీకు ఇష్టమేనారా?” అన్నాను. చాలాసేపు స్క్రూలు ఏరుతూ కూర్చున్నాడు. “లేదన్నా. గని పని చెడ్డదని కాదు. నాకు ఈ షాపే ఇష్టం.”

ఇద్దరం కలిసి భూపాలపల్లి వెళ్లి చెప్పాం. బాపు కోప్పడతాడనుకున్నాం. కాసేపు గోడ వంక చూసి, “నన్నెవరూ ఆ మాట అడగలే బిడ్డా” అన్నాడు. అంతే.

ఉద్యోగం సంగతి ఇంకా తేలలేదు. పర్మినెంట్ నౌకరీ వదులుకోవడం చిన్న విషయం కాదని అమ్మ బెంగ. ఆమెదీ న్యాయమే. కానీ మా ఇంట్లో మొదటిసారి ఒకరు ‘వద్దు’ అన్నారు, ఇంకొకరు విన్నారు.

మీ ఇంట్లోనూ ఇలా తాత నుంచి వస్తున్నది ఏదో ఒకటి ఉంటుంది. కోపమో, మౌనమో, భయమో. ఈ ఆదివారం ఫోన్ పక్కన పెట్టి అమ్మానాన్నల్ని అడిగి చూడండి: “నీకు ఏమవ్వాలని ఉండె?”