లెక్కకెక్కని సున్న

విమర్శలో "చాలా కథల్లో" అని తేలిగ్గా రాసేస్తాం. నేనూ రాశాను. ఎన్నిట్లో సార్ అని ఒక విద్యార్థి అడిగితే నీళ్లు నమిలాను.

అందుకని షంషాబాద్ పరిసరాల జీవితం మీద నేను చదివిన కథలకు పట్టిక వేశాను: అచ్చయిన సంవత్సరం, ప్రధాన పాత్ర బతుకుదెరువు. విమానాశ్రయం 2008 మార్చిలో మొదలైంది గనుక ఆ తర్వాతి కథల్నే వడకట్టి, గణాంకాల కోసం పుట్టిన ఆర్ భాషలో 'టేబుల్' అనే ఆజ్ఞ ఇచ్చాను. డ్రైవరు, సెక్యూరిటీ గార్డు, భూముల దళారి ఎన్నెన్ని కథల్లో ఉన్నారో వచ్చింది. వ్యవసాయ కూలీ పేరే లేదు!

తప్పు యంత్రానిది కాదు. బతుకుదెరువుల్ని వట్టి అక్షరాలుగా ఇస్తే వడపోతలో మిగిలినవాటినే ఎంచుతుంది. వడకట్టకముందే ఆ నిలువు వరుసను 'ఫ్యాక్టర్'గా మారిస్తే పాత జాబితా అంతా గుర్తుంచుకుంటుంది. కూలీ ఎదుట సున్న పడుతుంది. (2020కి ముందు, పట్టికను చదువుకొనేటప్పుడే ఆర్ ఈ పని తనంతట చేసేది.) 'డ్రాప్‌లెవల్స్' అంటే ఆ సున్నల్ని చెరిపేస్తుంది. విమర్శకుడికి కావలసింది ఆ సున్నే.

బతుకుదెరువు తెలియని పాత్రలకు 'ఎన్ఏ' అని వేశాను. ప్రత్యేకంగా అడిగితే తప్ప 'టేబుల్' వాటిని లెక్కించదు. అడిగాను. ఆ కథల్ని మళ్లీ తీశాను. దాదాపు అన్నీ స్త్రీ పాత్రలే. రెండు కథల్లో ఆమె నాలుగిళ్లలో పాచిపని చేస్తూనే ఉంది. ఆ గడిలో ఏమీ రాయనిది నేనే.