అసలు హీరో 24 గంటలు!

1982లో రామారావు గారి 'జస్టిస్ చౌదరి' మొదలు 2021లో పవన్ కళ్యాణ్ 'వకీల్ సాబ్' దాకా, కోర్టు సీను పడిందంటే హాల్లో ఈలలే ఈలలు! నేనూ వేశాను. కానీ పాతబస్తీలో మూసీ ఒడ్డున 1920 నుంచీ నిలిచిన మన హైకోర్టులో ఎంత వెతికినా జడ్జిగారి సుత్తి దొరకదు. సాక్షులు గీత మీద చెయ్యి వెయ్యడమూ చట్టంలో లేదు. ఇక 12 మంది జ్యూరీ అంటారా, అది అమెరికా సరుకు!

సరే, సినిమా చెప్పని సంగతి ఒకటుంది. రాత్రి చార్మినార్ దగ్గర చాయ్ తాగి వస్తున్న కుర్రాణ్ణి పోలీసులు అరెస్టు చేశారనుకోండి. అమెరికాలో అయితే ప్రశ్నించే ముందే "మాట్లాడకుండా ఉండే హక్కు నీకుంది" అని చెప్పాలి. 1966 నాటి మిరాండా తీర్పు అది. మన రాజ్యాంగం ఊరుకుందా? ఎందుకు అరెస్టు చేశారో చెప్పాలంది. వకీలును కలవనివ్వాలంది. ప్రయాణం పోను 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలంది. ఆపైన ఉంచాలంటే మేజిస్ట్రేటు ఆర్డరు కావాలి. దాన్నే రిమాండ్ అంటారు. అది శిక్ష కాదు సుమా! ఛార్జిషీటూ తీర్పు కాదు. నేరాన్ని బట్టి 60 లేదా 90 రోజుల్లో ఛార్జిషీటు పడకపోతే బెయిలు హక్కవుతుంది.

వకీలుకు డబ్బుల్లేవా? కస్టడీలో ఉన్నవాడికి ఉచితంగా వకీలును ఇవ్వాలని 1987 చట్టం ఉంది.

అన్నట్టు, సినిమా జడ్జీల ముద్దుల సెక్షన్ 302 కూడా మారింది. 2024 జూలై 1 నుంచి జరిగే హత్యలకు నంబరు 103. డైలాగు రైటర్లూ, వింటున్నారా?