పిల్లల చేతికి పానా ఇద్దాం

మోటారు స్టార్టరు మొరాయిస్తే మండల కేంద్రానికి పరుగు. స్ప్రేయరులో వాషరు అరిగితే పూట కూలి పోగొట్టుకుని బజారుకు ప్రయాణం. అదే ఇంట్లో తొమ్మిదో తరగతి చదివే కొడుకో, కూతురో ఉంటారు. న్యూటన్ గమన నియమాలు గడగడా అప్పజెబుతారు. పాత వాషరు చేతికిచ్చి దీని కొలతెంతో చెప్పమంటే మాత్రం దిక్కులు చూస్తారు. తప్పు పిల్లలది కాదు. పనిముట్టును విప్పి చూసే అవకాశం బడిలో వాళ్లకు దొరకలేదు.

బడికి పంపేది చదువుకోసమా, రిపేర్లకోసమా అని అడిగే రైతులున్నారు. న్యాయమైన ప్రశ్నే. ఒక ఇబ్బందిని గమనించి, దాన్ని కొలిచి, తగిన వస్తువును కాగితం మీద గీసి, తయారు చేసి, పొలంలో పరీక్షించి, లోపం దిద్దుకోవడం ఒక పెద్ద చదువు. ఇంజనీరింగ్ కాలేజీల్లో దీన్నే డిజైన్ అంటారు. కాలేజీ దాకా ఆగకుండా హైస్కూల్లోనే దీన్ని నేర్పవచ్చని మనదేశంలోనే ఒక మెట్ట ఊరు ఎన్నడో చేసి చూపించింది.

పాబల్‌లో ఏం చేశారు?

మహారాష్ట్రలోని పుణె జిల్లాలో పాబల్ అనే ఊరుంది. వర్షాలు అంతంతమాత్రం. డాక్టర్ శ్రీనాథ్ కల్బాగ్ అనే శాస్త్రవేత్త అమెరికాలో ఆహార సాంకేతిక శాస్త్రంలో డాక్టరేట్ చేసి, హిందుస్థాన్ లీవర్ పరిశోధన కేంద్రంలో పనిచేసేవారు. ఆ ఉద్యోగం వదులుకుని 1983లో పాబల్ చేరి విజ్ఞాన్ ఆశ్రమం స్థాపించారు. పని చేస్తూ నేర్చుకోవడమే మనిషికి సహజమైన చదువని ఆయన నమ్మకం.

అక్కడి పద్ధతి చాలా సులువు. 8, 9, 10 తరగతుల పిల్లలకు వారంలో ఒక రోజు పని మీదే చదువు. ఇంజనీరింగ్ వర్క్‌షాపు, ఇంధనం-పర్యావరణం, వ్యవసాయం-పశుపోషణ, ఇల్లు-ఆరోగ్యం అని నాలుగు విభాగాలు. నేర్పేవాళ్లలో ఊళ్లో పని తెలిసినవాళ్లుంటారు. పిల్లలు చేసేది ఊరివాళ్లకు పనికొచ్చే వస్తువో, సేవో అయ్యుండాలి. మహారాష్ట్ర సెకండరీ బోర్డు దీన్ని పాఠ్యాంశంగా గుర్తించింది. 2002లో అమెరికాలోని ఎం.ఐ.టి. సంస్థ సహకారంతో కంప్యూటరు ఆధారంగా వస్తువులు తయారుచేసే ‘ఫ్యాబ్ ల్యాబ్’ కూడా అక్కడ వెలిసింది. కల్బాగ్ 2003లో కన్నుమూసినా పని ఆగలేదు.

ఇందులో మనం పట్టుకోవలసింది ఒక్కటే. పిల్లవాడు చేసిన వస్తువును వాడే మనిషి ఎదురుగా ఉన్నాడు. మన సైన్సు ప్రదర్శనల్లో థర్మోకోల్, రంగు కాగితాలతో చేసిన డ్యాములు, అగ్నిపర్వతాలు కనిపిస్తాయి. కొన్ని బజార్లో కొని తెచ్చినవే. ప్రదర్శన ముగిసిన మర్నాడు అవి చెత్తబుట్టలో ఉంటాయి. వాటిని వాడేవాడంటూ ఎవడూ లేడు గనుక అవి పనిచేశాయా లేదా అని అడిగేవాడూ లేడు.

ఒక ప్రాజెక్టు ఇలా నడపవచ్చు

ఉదాహరణకు సైకిల్ గుంటకనే తీసుకోండి. పాత సైకిలు చక్రం, రెండు పిడులు, కింద ఒక బ్లేడు. చాలా ఊళ్లలో రైతులు చేయించుకుంటున్నదే. దీన్నే నలుగురైదుగురు పిల్లల జట్టుకు అప్పగిస్తే ఎంత చదువు ఉందో చూడండి.

మొదటిది కొలత. వేరుశనగలో సాళ్ల మధ్య దూరం 30 సెంటీమీటర్లు. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. భాగిస్తే ఎకరంలో సాళ్ల మొత్తం పొడవు 13,490 మీటర్లు. అంటే ఎకరం ఒకసారి గుంటక తోలాలంటే పదమూడున్నర కిలోమీటర్లు తోసుకుంటూ నడవాలి! ఈ లెక్క చేసిన పిల్లవాడికి గుంటక బరువు కిలో తగ్గినా ఎందుకు మేలో ఎవరూ చెప్పనక్కరలేదు.

రెండోది హద్దులు. ఖర్చు ఇంతకు మించరాదు, ఒక్కరే ఎత్తి భుజాన వేసుకోగలగాలి, విరిగితే విడిభాగం మన సంతలోనే దొరకాలి అని ముందే రాసుకోవాలి. 30 సెంటీమీటర్ల సాలుకు 15 సెంటీమీటర్ల బ్లేడు పెడితే మొక్కకు రెండువైపులా ఏడున్నర సెంటీమీటర్ల చోటు మిగులుతుంది. బ్లేడు వెడల్పు పెంచితే కలుపు ఎక్కువ తెగుతుంది గాని తోసే బలం పెరుగుతుంది, మొక్క తెగే ప్రమాదమూ పెరుగుతుంది. ఎక్కడ ఆగాలన్నదే డిజైన్.

మూడోది గీత. తరగతి గది నేల మీద సుద్దముక్కతో అసలు సైజులో గీయాలి. ఆ తర్వాత వెదురు, పాత కర్రలతో నమూనా కట్టాలి. ఇనుము కొనడం ఆఖర్న. వెదురు నమూనాలో తప్పు బయటపడితే పోయేది తాడు ముక్క. ఇనుములో బయటపడితే డబ్బు.

నాలుగోది పొలంలో పరీక్ష. తేమ పదును ఉన్నప్పుడు 20 మీటర్ల సాలు కొలిచి, గడియారం పెట్టి తోయాలి. ఎంతసేపు పట్టింది, ఎన్ని పంట మొక్కలు తెగాయి, ఎంత కలుపు మిగిలింది రాయాలి. గుంటకకు తాడు కట్టి స్ప్రింగు కాటాతో లాగి చూస్తే ఎంత బలం కావాలో తెలుస్తుంది. 20 మీటర్లకు 45 సెకన్లు పడితే ఎకరానికి దాదాపు ఎనిమిదిన్నర గంటలు, మలుపులు, విశ్రాంతి కాక. అదే 60 సెకన్లు పడితే పదకొండు గంటలు దాటుతుంది. చిన్న సాలులో 15 సెకన్ల తేడా ఎకరంలో దాదాపు మూడు గంటల తేడా అన్నమాట.

ఐదోది దిద్దుబాటు. బ్లేడు వాలు ఎక్కువైతే నేలలోకి దిగబడుతుంది, తక్కువైతే పైపైన జారిపోతుంది. ఒకసారికి ఒక్కటే మార్చాలి. బ్లేడు, పిడి, చక్రం మూడూ కలిపి మారిస్తే ఏది మేలు చేసిందో తెలియదు. మొదటి నమూనా సాధారణంగా సరిగా పనిచేయదు. దాన్ని పారేయకుండా దాచి, ఎందుకు పనిచేయలేదో నోటుబుక్కులో రాయించాలి. మార్కులంటూ వేస్తే ఆ నోటుబుక్కుకే వేయాలి.

ఒక జాగ్రత్త. వేరుశనగలో 45 రోజులు దాటి ఊడలు దిగే దశలో అంతరకృషి చేయరాదు. జూన్‌లో బడి తెరిచాక మొదలుపెడితే ఖరీఫ్ పదును తప్పిపోవచ్చు. అందుకని గీతలు, వెదురు నమూనాలు చలికాలంలోనే ముగించి, రబీ చేలో తొలి పరీక్ష చేసి, దిద్దిన గుంటకను ఖరీఫ్‌కు సిద్ధం చేసుకోవడం మంచిది.

ఆడపిల్లల్ని పక్కన పెట్టొద్దు

కలుపు తీసేది ఎక్కువగా ఆడవాళ్లు. పనిముట్లేమో మగవాళ్ల ఎత్తుకు చేస్తారు. పిడి ఎత్తు నడుము దగ్గర ఉండాలంటే ఎవరి నడుము అన్నది ముందు తేల్చాలి. జట్టులో ఆడపిల్లలుంటే అమ్మనో, అత్తనో గుంటక పట్టించి చూస్తారు. పిడి ఎత్తు మార్చుకునేలా రెండు మూడు రంధ్రాలు పెట్టాలన్న ఆలోచన అలాగే పుడుతుంది.

తల్లి కష్టం చూసి యంత్రం చేసిన మనిషి మన దగ్గరే ఉన్నారు. ఆలేరుకు చెందిన చింతకింది మల్లేశం ఆరో తరగతిలోనే చదువు ఆపేశారు. చీరకు ఆసు పోయాలంటే తల్లి చెయ్యి వేలసార్లు అటూ ఇటూ ఆడాలి. ఆ భుజాల నొప్పి చూడలేక 1992లో మొదలుపెట్టి 1999లో ఆసు యంత్రం పూర్తి చేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఏడేళ్లు పట్టింది. వర్క్‌షాపు, దారి చూపే మాస్టారు బడిలోనే ఉండి ఉంటే ఆ ఏడేళ్లలో కొన్నయినా తగ్గేవేమో ఆలోచించండి.

మార్కులు పోతాయా?

తల్లిదండ్రుల భయం ఇదే. వారానికి రెండు పీరియడ్లతో ఈ పని నడపవచ్చు. పైన చెప్పిన గుంటకలో వైశాల్యం, నిష్పత్తి, బలం, ఘర్షణ, కాలం-వేగం అన్నీ వచ్చాయి. ఇవన్నీ పాఠ్యపుస్తకంలోవే. అయితే పదో తరగతి చివరి నెలల్లో ప్రాజెక్టు పెట్టొద్దు. ఎనిమిది, తొమ్మిది తరగతులే దీనికి అనువు.

డబ్బు ఎక్కడిది?

విద్యార్థుల ఆలోచనల కోసం కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ ఇన్‌స్పైర్-మనక్ పథకం నడుపుతోంది. హెడ్మాస్టరు బడి తరఫున ఐదు ఆలోచనల దాకా ఆన్‌లైన్‌లో పంపవచ్చు. ఎంపికైన విద్యార్థికి నమూనా తయారీకి రూ.10,000 బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఆ తర్వాత జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయి ప్రదర్శనలుంటాయి.

నీతి ఆయోగ్ 2016 నుంచి అటల్ టింకరింగ్ ల్యాబ్‌లు ఇస్తోంది. ఒక్కో బడికి రూ.20 లక్షల దాకా సాయం. ఇప్పటికే దేశంలో 10,000 బడులకు ఇచ్చారు. ప్రభుత్వ పాఠశాలల్లో ఐదేళ్లలో మరో 50,000 పెడతామని 2025-26 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. మీ బడిలో ల్యాబ్ ఉంటే గది తాళం ఎన్నిసార్లు తీస్తున్నారో కనుక్కోండి. సామాన్లు బీరువాలో ఉంటే పిల్లలకు ఒరిగేదేమీ లేదు.

2020 జాతీయ విద్యావిధానం పిల్లలు 6-8 తరగతుల మధ్య ఎప్పుడైనా పది రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగి, తోటమాలి, కుమ్మరి వంటి పనివాళ్ల దగ్గర నేర్చుకోవాలంది. ఒకప్పుడు హైస్కూళ్లలో క్రాఫ్టు మాస్టారుండేవాడు. ఆ లోటును ఊరి కమ్మరి, వడ్రంగి, మోటారు మెకానిక్కు కొంతయినా తీర్చగలరు.

రైతులు చేయవలసింది

- బడి కమిటీ సమావేశానికి వెళ్లినప్పుడు వంట, మరుగుదొడ్లతోపాటు ఈ మాటా ఎత్తండి. హెడ్మాస్టరును, సైన్సు మాస్టారును అడగండి.
- మీ పొలంలోని ఒక ఇబ్బందిని పిల్లలకు అప్పగించండి. డ్రిప్పులో చివరి మొక్కకు నీళ్లు తక్కువ రావడం, కోళ్లు తాగే నీళ్లు ఒలికిపోవడం, కల్లంలో సంచి పట్టుకోవడానికి ఇంకో మనిషి కావలసి రావడం... ఇలాంటివి చాలు.
- నాలుగు సెంట్ల చెక్క పరీక్షకు ఇవ్వండి. అందులో పది మొక్కలు తెగినా కోప్పడకండి.
- పాత సైకిలు, ఇనుప ముక్కలు, విరిగిన పనిముట్లు తుక్కుకు అమ్మేముందు బడిని అడగండి.
- వెల్డింగు, గ్రైండింగు పెద్దవాళ్లే చేయాలి, కళ్లద్దాలు పెట్టుకునే చేయాలి. త్రీఫేజ్ కరెంటు, పురుగుమందుల జోలికి పిల్లల్ని పోనివ్వకూడదు.

పెద్ద కంపెనీలు యంత్రం చేసేది ఎక్కువగా పెద్ద కమతం కోసం. ఎకరం, అరెకరం రైతుకు ఏది సరిపోతుందో ఆ ఇంట్లో పుట్టిన పిల్లలకే బాగా తెలుసు. వాళ్లు రేపు పాలిటెక్నిక్‌కు వెళ్లినా, ఐటీఐకి వెళ్లినా, సేద్యంలోనే ఉన్నా కొలిచి చేసే అలవాటు వెంట ఉంటుంది. ఈసారి బడికి వెళ్లినప్పుడు మీవాడికి ఎన్ని మార్కులొచ్చాయని అడగండి. ఆ వెంటే, ఈ ఏడు ఏం తయారు చేయిస్తున్నారని కూడా అడగండి.